రుడాల్ఫ్ ఆకర్‌మన్: బండి మలుపుకు పేరైన మనిషి

మోటారు వాహనాలను గురించిన ఏ పాఠ్యగ్రంథాన్ని తెరచినా, స్టీరింగు అధ్యాయంలో ఆకర్‌మన్ సూత్రం అన్న మాట తప్పక కనిపిస్తుంది. విద్యార్థి దానిని కంఠస్థం చేస్తాడు, పరీక్షలో పటం గీస్తాడు, మార్కులు తెచ్చుకుంటాడు. ఆ పేరుగల మనిషి ఎవరు, ఏ దేశపువాడు, ఏ వృత్తి చేసి బ్రతికాడు అని అడిగేవారు మాత్రం అరుదు. అడిగినవారు ఆశ్చర్యపడవలసి వస్తుంది. ఆయన ఇంజనీరు కాడు. మోటారు బండిని కన్నులారా చూచినవాడూ కాడు. కార్ల్ బెంజ్ తన మోటారు బండికి 1886లో పేటెంటు పొందేనాటికి ఆయన మరణించి 52 సంవత్సరాలు గడచిపోయాయి. అన్నింటికన్న విచిత్రమేమంటే, ఆయన పేరుతో చలామణి అవుతున్న ఆ సాధనాన్ని కనిపెట్టింది ఆయన కాదు. మరి ఆ పేరు అక్కడ ఎట్లా నిలిచింది? అది నిలవడం న్యాయమేనా? ఈ రెండు ప్రశ్నలను మనస్సులో ఉంచుకొని ఆయన జీవితాన్ని మా సహవిద్యార్థుల ముందుంచాలని సంకల్పించాము.

రుడాల్ఫ్ ఆకర్‌మన్ 1764వ సంవత్సరం ఏప్రిల్ 20వ తేదీన జర్మనీలోని శాక్సనీ రాజ్యంలో, స్టోల్‌బర్గ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టే పనివాడు. కుమారుడు లాటిన్ పాఠశాలలో చదివి విశ్వవిద్యాలయంలో ప్రవేశించాలని ఆశపడ్డాడు. కాని ఇంటి ఆర్థిక పరిస్థితి అందుకు అడ్డుపడింది. పుస్తకం పట్టవలసిన చేతులు తండ్రి పనిముట్లనే పట్టవలసి వచ్చింది. చదువు ఆగిపోయినా నేర్చుకోవాలన్న తపన ఆగలేదు. జీనులు కుట్టడం నుండి గుర్రపు బండ్ల అలంకరణకు, అక్కడినుండి బండ్ల నమూనాలు గీయడానికి ఆయన మెట్టు మెట్టుగా ఎదిగాడు. స్వదేశం విడిచి స్విట్జర్లండులోని బాజెల్, తరువాత పారిస్ నగరాలలో పనిచేసి, 1780ల రెండవ భాగంలో లండన్ చేరుకున్నాడు. అప్పటికి ఆయనకు ఇరవై రెండు, ఇరవై మూడేండ్లు ఉంటాయి. పరాయి దేశం, పరాయి భాష. చేతిలో ఉన్న ఆస్తి పెన్సిలు గీత మాత్రమే.

ఆ గీతే ఆయనను నిలబెట్టింది. ఆనాటి లండన్‌లో ధనికుని గౌరవానికి గుర్రపు బండియే కొలబద్ద. కొత్త కొత్త నమూనాలు గీయగలవానికి గిరాకీ ఉండేది. ఆకర్‌మన్ బండ్ల నమూనాలను పుస్తకాలుగా ప్రకటించాడు. ఐర్లండులోని ఉన్నత పదవీస్థుల కోసం బండ్లను రూపొందించాడు. ట్రఫాల్గర్ నౌకాయుద్ధంలో మరణించిన నెల్సన్ సేనాని అంత్యక్రియలు 1806 జనవరిలో జరిగినప్పుడు, శవపేటికను మోసిన రథం రూపకల్పనలో ఆయన చేయి ఉంది. పరాయి దేశం నుండి వచ్చిన జీనుల పనివాని కొడుకు ఒక జాతి దుఃఖానికి రూపమివ్వడం చిన్న సంగతి కాదు.

అయితే ఆయన కీర్తి బండ్ల దగ్గర ఆగిపోలేదు. 1795లో లండన్‌లోని స్ట్రాండ్ వీధిలో ఆయన ముద్రిత చిత్రాల దుకాణాన్ని, దానితోపాటు చిత్రలేఖన పాఠశాలను నెలకొల్పాడు. కాలక్రమాన ఆ దుకాణం కళల భాండాగారమన్న పేరుతో నగర ప్రముఖులకు సమావేశ స్థలమయింది. 1808 నుండి 1810 వరకు వెలువడిన లండన్ నగర సూక్ష్మదర్శనం అనే మూడు సంపుటాల గ్రంథంలో 104 రంగుల చిత్రాలు ఉన్నాయి. భవనాలను పూజిన్, మనుషులను రోలండ్‌సన్ గీశారు. 1809లో ఆయన ఒక మాసపత్రికను ప్రారంభించి దాదాపు ఇరవై సంవత్సరాలు నడిపాడు. అందులో కొత్త వస్త్రాలను గురించి వ్రాయడమే గాక, ఆ బట్ట ముక్కలనే పుటలకు అంటించి పాఠకులకు పంపేవాడు. వస్తువును గురించి చెప్పడం వేరు, వస్తువును చేతికివ్వడం వేరన్న వివేకం ఆయనకు ఉండేది. 1820లలో వెలువరించిన చిన్న పుస్తకాల వరుసలో హిందూస్తాన్‌కు ఆరు సంపుటాలు కేటాయించాడు.

శిలాముద్రణను గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మ్యూనిక్ నగరంలో సెనెఫెల్డర్ కనిపెట్టిన ఆ విద్యను ఇంగ్లండులో వ్యాప్తి చేసినవారిలో ఆకర్‌మన్ అగ్రగణ్యుడు. 1817లో ముద్రణశాల పెట్టాడు. 1819లో సెనెఫెల్డర్ గ్రంథాన్ని ఆంగ్లంలోకి అనువదింపజేసి ప్రకటించాడు. మన ఉర్దూ గ్రంథాలకూ ఈ విద్యకూ ఉన్న అనుబంధం తెలిసినదే. నస్తాలిఖ్ లిపి సొగసును సీసపు అక్షరాలు పట్టుకోలేకపోగా, కాతిబు చేతివ్రాతను ఉన్నదున్నట్లు కాగితానికి ఎక్కించినది శిలాముద్రణే. ఉర్దూ పుస్తకాలు, పత్రికలు తరాల తరబడి ఆ రాతిమీదనే పుట్టాయి.

ఆయన హృదయం కూడ చెప్పుకోదగినది. ఫ్రెంచి విప్లవ కాలంలో ఇల్లూ వాకిలీ విడిచి లండన్ చేరిన శరణార్థులకు చిత్రాల పని, అలంకరణ వస్తువుల పని కల్పించి పొట్ట పోసుకొనే దారి చూపాడు. అప్పుల పాలై చెరసాల కట్టడిలో ఉన్న విలియం కూంబ్ అనే వృద్ధ రచయిత చేత వ్రాయించి, అతనికి జీవనాధారమిచ్చాడు. 1813లో లైప్‌జిగ్ యుద్ధం తన జన్మభూమిని బూడిద చేసినప్పుడు, ఇంగ్లండులో విరాళాలు సేకరించి పంపే పనిలో అహోరాత్రాలు శ్రమించాడు. 1809లోనే ఆంగ్ల పౌరసత్వం పొందినా, పుట్టిన నేలను మరువలేదు. పుట్టిన నేలను మరువకపోయినా, ఆశ్రయమిచ్చిన నేలకు ద్రోహం తలపెట్టలేదు. రెండు గడపల మధ్య నిలిచి ఇటు వెలుగును అటు, అటు వెలుగును ఇటు చేరవేయడమే ఆయన జీవితపు పని. స్టీరింగు కథ కూడ ఆ పనిలో భాగమే.

ఆ కథ అర్థం కావాలంటే ముందు చిక్కు అర్థం కావాలి. మన ఎడ్లబండికి చక్రాలు రెండే. అవి ఒకే ఇరుసుమీద ఉన్నా దేనికదే తిరుగుతుంది. ఎడ్లు ఎటు మళ్ళితే బండి అటు మళ్ళుతుంది, లోపలి చక్రం తక్కువగా, బయటి చక్రం ఎక్కువగా దొర్లుతుంది. ఏ పేచీ లేదు. నాలుగు చక్రాలు వచ్చినప్పుడే పేచీ మొదలవుతుంది. ఇరుసులు కదలకుండా బిగించిన దేవాలయ రథాన్ని వీధి మలుపులో తిప్పడం చూచినవారికి ఈ సంగతి తెలుసు. చక్రాల క్రింద చెక్కదిమ్మలు వేసి, వందలమంది మోకులు లాగితే, ఆ బరువంతా నేలను ఒరుసుకుంటూ పక్కకు జరుగుతుంది. దొర్లవలసిన చక్రం ఈడ్చబడుతుంది.

ఐరోపాలో ఇందుకు ఒక ఉపాయం చేశారు. ముందు ఇరుసును మొత్తంగా మధ్యలో ఒక మేకుమీద తిరిగేటట్లు అమర్చారు. గుర్రాలు మళ్ళితే ఇరుసు రెండు చక్రాలతో సహా మళ్ళుతుంది. చక్రాలు ఈడ్చుకొనడం తప్పింది గాని, కొత్త కష్టాలు రెండు వచ్చాయి. ముందు చక్రాలు బండి క్రిందికి దూరి తిరగాలి కనుక వాటిని చిన్నవిగా చేయాలి, లేదా బండిని ఎత్తుగా కట్టాలి. చిన్న చక్రం గుంటలో దిగబడుతుంది, ఎత్తైన బండి ఒరుగుతుంది. రెండవది మరింత ప్రమాదకరం. తిన్నగా పోయేటప్పుడు బండి నాలుగు మూలలమీద నిలుస్తుంది. ఇరుసు బాగా తిరిగినకొద్దీ ముందు చక్రాలు రెండూ బండి మధ్యరేఖకు దగ్గరవుతాయి. నాలుగు కాళ్ళ మంచం మూడు కాళ్ళ పీట అవుతుంది. ఆ క్షణంలో గుర్రాలు బెదిరితే బండి బోల్తాపడవలసిందే.

ఈ చిక్కును విప్పినవాడు మ్యూనిక్ నగరంలో బవేరియా రాజుకు బండ్లు కట్టే గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్. 1816లో ఆయన చేసిన ఆలోచన ఇది: ఇరుసును కదల్చనే వద్దు. ఇరుసు రెండు కొనలలోను చక్రానికి దగ్గరగా ఒక్కొక్క మేకు పెట్టి, చక్రాన్ని మాత్రమే దానిమీద తిప్పాలి. రెండు చక్రాలను ఒక అడ్డకమ్మీతో కలిపితే రెండూ కలిసి తిరుగుతాయి. బండి ఎప్పుడూ నాలుగు మూలలమీదనే నిలుస్తుంది. ముందు చక్రాలు పెద్దవిగా ఉండవచ్చు, బండి తక్కువ చోటులో మళ్ళవచ్చు.

అయితే రెండు చక్రాలూ ఒకే కోణంలో తిరిగితే చాలదు. బండి మలుపు తిరిగేటప్పుడు ఒక అదృశ్య కేంద్రం చుట్టూ తిరుగుతుంది. ఏ చక్రమూ ఒరుసుకొనకుండా దొర్లాలంటే, నాలుగు చక్రాల ఇరుసుల గీతలను పొడిగించినప్పుడు అన్నీ ఆ ఒక్క కేంద్రంలోనే కలియాలి. వెనుక ఇరుసు కదలదు కనుక ఆ కేంద్రం దాని గీతమీదనే ఉండాలి. లోపలి చక్రం కేంద్రానికి దగ్గర కనుక ఎక్కువగా మళ్ళాలి, బయటిది దూరం కనుక తక్కువగా మళ్ళాలి. ఒక లెక్క చూతాము. ముందు వెనుక ఇరుసుల మధ్య 2.5 మీటర్లు, మేకుల మధ్య 1.4 మీటర్లు ఉన్న కారు, వెనుక ఇరుసు మధ్యభాగం నుండి 5 మీటర్ల దూరంలో ఉన్న కేంద్రం చుట్టూ తిరుగుతున్నదనుకొందాము. లోపలి చక్రం సుమారు 30 డిగ్రీలు, బయటి చక్రం సుమారు 24 డిగ్రీలు మళ్ళాలి. త్రికోణమితి చదివిన ఏ విద్యార్థి అయినా ఈ లెక్కను కాగితంమీద సరిచూచుకోవచ్చు.

ఈ 6 డిగ్రీల తేడాను ప్రతి మలుపులోను ఎవరు లెక్కకట్టి ఇస్తారు? ఆ అడ్డకమ్మీయే ఇస్తుంది. మేకుల నుండి వెనుకకు వచ్చే చిన్న చేతులను సమాంతరంగా కాక, వెనుక ఇరుసు మధ్యభాగం వైపు చూచేటట్లు కాస్త లోపలికి వంచి, వాటి కొనలను కమ్మీతో కలుపుతారు. ఇరుసు, రెండు చేతులు, కమ్మీ కలిసి ఒక సమలంబ చతుర్భుజం అవుతుంది. అది పక్కకు జరిగినప్పుడు లోపలి చేయి ఎక్కువ కోణం, బయటి చేయి తక్కువ కోణం తిరుగుతాయి. లెక్క నూటికి నూరుపాళ్ళు కుదరదు గాని, అవసరమైనంత దగ్గరగా కుదురుతుంది. ఈ జ్యామితిని తీర్చిదిద్దిన ఘనత 1878లో పారిస్ బండ్ల నిర్మాత జాన్‌టోకు దక్కింది.

లాంకెన్‌స్పెర్గర్ తన సాధనాన్ని ఇంగ్లండుకు చేర్చడానికి అక్కడ ఉన్న తన జాతివాడైన ఆకర్‌మన్‌ను ప్రతినిధిగా ఎంచుకున్నాడు. 1818 జనవరి 27వ తేదీన 4212 సంఖ్యగల ఆంగ్ల పేటెంటు ఆకర్‌మన్ పేరున జారీ అయింది. పేటెంటు తీసుకొని ఊరకుండక, 1819లో ఈ కదలే ఇరుసుల ప్రయోజనాలను వివరిస్తూ పటాలతో ఒక పుస్తకమే ప్రకటించాడు. చరిత్ర మరొక సంగతి కూడ చెబుతున్నది. చార్లెస్ డార్విన్ తాతగారైన ఇరాస్మస్ డార్విన్ అనే వైద్యుడు దాదాపు ఆరు దశాబ్దాలకు ముందే, 1758 ప్రాంతంలో, ఇదే ఆలోచన చేసి తన బండికి అమర్చుకున్నాడు. కాని ఆయన దానికి పేటెంటు తీసుకోలేదు, ఆ ఆలోచన ఆయన బండితోనే ఆగిపోయింది.

ఆకర్‌మన్ శ్రమ ఫలించిందా అంటే, ఆయన జీవితకాలంలో ఫలించలేదు. లండన్ బండ్ల నిర్మాతలు ఈ కొత్త అమరికను ఆదరించలేదు. తరతరాలుగా నడుస్తున్న మధ్యమేకు పద్ధతి వారికి చాలుననిపించింది. ఆనాటి ఆంగ్ల పేటెంటు గడువు 14 సంవత్సరాలు. ఆ గడువు 1832లో ముగిసింది. ఆకర్‌మన్ అప్పటికే పక్షవాతంతో బాధపడుతున్నాడు. 1834 మార్చి 30వ తేదీన ఆయన కన్నుమూశాడు. ఆయన మరణవార్త విన్నవారు గొప్ప ప్రకాశకుని, చిత్రకళా పోషకుని తలచుకొని ఉంటారు గాని, ఆ బండి ఇరుసును తలచుకొని ఉండరు.

గుర్రం లేని బండి వచ్చిన తరువాత ఆ ఇరుసు విలువ తెలిసింది. గుర్రపు బండిలో ఇరుసును మళ్ళించేది గుర్రం బలం. మోటారు బండిలో మళ్ళించవలసింది మనిషి చేయి. మధ్యమేకు పద్ధతిలో ఒక చక్రానికి రాయి తగిలితే, ఇరుసు సగం పొడవు మీట లాగా పనిచేసి చోదకుని చేతిలోని పిడిని విసరికొడుతుంది. మేకు చక్రం దగ్గరనే ఉంటే ఆ మీట చాల పొట్టిది, దెబ్బ చేతిదాకా రాదు. 1873లో ఫ్రాన్సులో అమెదే బొలే తన ఆవిరి బండికి చక్రాలు విడివిడిగా తిరిగే పద్ధతినే వాడాడు. బెంజ్ మొదటి బండికి మూడే చక్రాలు పెట్టాడు. 1893లో ఈ అమరికకు తనదైన పేటెంటు పొందిన తరువాతనే నాలుగు చక్రాల బండిని మార్కెట్టులోకి తెచ్చాడు. నాటి నుండి నేటి వరకు లారీ, బస్సు, కారు అన్నీ ఈ పద్ధతిమీదనే మళ్ళుతున్నాయి. వేగం హెచ్చినప్పుడు టైర్లు కొంత పక్కకు జారుతాయి కనుక నేటి రూపశిల్పులు అసలు లెక్కలో సవరణలు చేస్తారు. అయినా సవరణకు ఆధారమైన కొలత మాత్రం అదే.

చక్రాలు సరిగా మళ్ళడం ఎంత ముఖ్యమో, తిన్నగా పోయేటప్పుడు సరిగా నిలవడం అంత ముఖ్యం. వర్క్‌షాపులలో వీల్ అలైన్‌మెంట్ అనే పని ఇదే. అందులో మూడు కొలతలు ఉన్నాయి. మొదటిది టో-ఇన్. పైనుండి చూస్తే ముందు చక్రాల ముందు అంచులు వెనుక అంచులకన్న కొద్ది మిల్లీమీటర్లు దగ్గరగా ఉండటం. పరుగులో కీళ్ళ సందుల వలన చక్రాలు విడివడబోతాయి కనుక నిలిచి ఉన్నప్పుడే కాస్త దగ్గర చేసి ఉంచుతారు. రెండవది క్యాంబర్. ఎదురుగా చూచినప్పుడు చక్రం లోపలికో వెలుపలికో వాలి ఉండటం. ఇది హెచ్చితే టైరు ఒక అంచున మాత్రమే అరుగుతుంది. మూడవది క్యాస్టర్. చక్రం తిరిగే మేకు నిటారుగా గాక వెనుకకు వాలి ఉండటం. సైకిలు ముందు ఫోర్కు ఏటవాలుగా ఉండటంలోని రహస్యమూ ఇదే. చక్రం నేలను తాకే చోటు మేకు గీతకు వెనుకబడి ఉంటుంది కనుక, మలుపు తరువాత చక్రం తనంతట తాను తిన్నని దారికి వస్తుంది.

ఈ కొలతలు కంటికి కనిపించేవి కావు. ఒక చక్రం పోవలసిన దిశకు ఒక్క డిగ్రీ తప్పి ఉన్నదనుకొందాము. ప్రతి కిలోమీటరుకు అది సుమారు 17 మీటర్లు పక్కకు ఈడ్చబడినట్లు లెక్క. బండి నడుస్తూనే ఉంటుంది, ప్రయాణికునికి ఏమీ తెలియదు. టైరు మాత్రం రబ్బరు రూపంలో ఆ తప్పుకు మూల్యం చెల్లిస్తూనే ఉంటుంది.

ఇక మొదటి ప్రశ్నలకు వద్దాము. లాంకెన్‌స్పెర్గర్ కనిపెట్టిన వస్తువుకు ఆకర్‌మన్ పేరు ఎట్లా వచ్చింది? ఆంగ్ల పత్రంమీద ఉన్నది ఆ పేరే కనుక, ఆంగ్ల గ్రంథాలు చదివిన లోకమంతా ఆ పేరునే నేర్చింది. ఇందులో ఆకర్‌మన్ దొంగతనం లేదు. ఆయన ప్రతినిధిగా చేయవలసిన పని చేశాడు. తనకు లాభం రాకపోయినా చేశాడు. దోషం ఏదైనా ఉంటే అది తరువాత వచ్చిన మనది. ముద్రించిన మాటను చూచి, దాని వెనుక ఉన్న మనిషిని వెదకని సోమరితనానిది.

మోసుకొచ్చేవాని శ్రమ తక్కువదని మేము అనము. డార్విన్ ఆలోచన మోసేవాడు లేక ఆగిపోయింది, లాంకెన్‌స్పెర్గర్ ఆలోచన మోసేవాడు ఉండి సముద్రం దాటింది. మన హైదరాబాదులో 1917లో ఏర్పడిన దారుత్తర్జుమాలో ఎందరో పండితులు గణితాన్ని, భౌతికశాస్త్రాన్ని, ఇంజనీరింగును ఉర్దూలోకి తెచ్చారు. మరుసటి సంవత్సరం ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆ గ్రంథాలతోనే విద్యార్థులకు పాఠం చెప్పింది. అక్కడ ఫలితం దక్కింది గాని, మోసినవారి పేర్లే చాలవరకు మరుగునపడ్డాయి. ఆకర్‌మన్ కథలో మోసినవాని పేరు నిలిచి, చేసినవాని పేరు మరుగుపడింది. రెండూ అన్యాయాలే.

చివరగా ఒక సంగతి. 1822 చివర ఆకర్‌మన్ కథలు, కవితలు, చిత్రాలు కలిపి నన్ను మరువకుము అనే అర్థమిచ్చే పేరుతో ఒక సంచిక వెలువరించాడు. ఆంగ్లంలో అటువంటి సాహిత్య వార్షిక సంచికలకు అదే ఆద్యం. సంవత్సరానికొకసారి వెలువడే ఈ మా సంచికకు కూడ దూరపు చుట్టరికంలో ఆయన పెద్దతాత వరుస అవుతాడు. రెండు భాషల పుటలను ఒకే అట్ట మధ్య కుట్టుకొనే మనకు, ఒక భాష సంపదను మరొక భాషకు చేర్చిన ఆ మనిషి పరాయివాడు కాడు. మన విద్యార్థులలో ఎవరైనా రేపు పరీక్షలో ఆకర్‌మన్ పటం గీసేటప్పుడు, దాని అడుగున గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ అని కూడ ఒక్క మాట వ్రాస్తే, మార్కులు పెరుగుతాయో లేదో గాని, ఇద్దరికీ ఇవ్వవలసిన గౌరవం ఇచ్చినట్లవుతుందని మా విశ్వాసం.